గాలి ఎంత పెట్టాలో కాటా చెబుతుంది

పికప్ ట్రక్కులకు కంపెనీ ఇచ్చిన టైర్లు తీసేసి వేరే రకమో, వేరే సైజో వేయించుకున్న పాఠకుల నుంచి ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి. ఒక్కొక్కరూ ఒక్కో తీరుగా అడిగినా అందరి సందేహమూ గాలి గురించే. ఒకేలా ఉన్న ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మా పికప్‌కు కంపెనీ వేసినవి పి265/70ఆర్17 టైర్లు, లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువును సూచించే సంఖ్య) 115. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద 35 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంది. ఇప్పుడు అదే కొలతలో ఎల్‌టీ265/70ఆర్17, అంటే లైట్ ట్రక్ రకం, లోడ్ రేంజ్ (టైరు బలాన్ని చెప్పే అక్షరం) ‘ఈ’ వేయించాం. కొత్త టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) మీద 80 పీఎస్‌ఐ అని ఉంది. 35 పెట్టమని ఒకరు, 80 పెట్టమని ఇంకొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటా వద్దు. తలుపు మీది 35 పాత టైరు కోసం రాసింది. సైడ్‌వాల్ మీది 80 ఏమో, ఆ టైరు తన గరిష్ఠ బరువు మోయాలంటే ఉండాల్సిన గాలి. మీ బండి అంత బరువు ఎప్పుడూ వేయకపోవచ్చు.

బరువు మోసేది ప్రధానంగా టైరులోని గాలి. రబ్బరు, తీగలు ఆ గాలిని పట్టి ఉంచే సంచి లాంటివి. సంచి మందం పెరిగినంత మాత్రాన లోపలి గాలి ఎక్కువ మోయదు. ‘ఈ రేంజ్ టైరు గట్టిది కదా, 35తోనే పాతదానికంటే ఎక్కువ మోస్తుంది’ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అదే 35 దగ్గర అది పాత టైరు కన్నా తక్కువ మోస్తుంది.

లెక్క చూడండి. లోడ్ ఇండెక్స్ 115 అంటే 35 పీఎస్‌ఐ దగ్గర 1,215 కిలోలు. కారు రకం (సైజు ముందు ‘పి’ ఉన్న) టైరును పికప్‌కు వేసినప్పుడు ఆ సంఖ్యను 1.10తో భాగించాలన్నది అమెరికా భద్రతా నియమం. అలా చూస్తే మీ పాత టైరు మోయగలిగింది 1,105 కిలోలు. కొత్త టైరు లోడ్ ఇండెక్స్ సాధారణంగా 121, అంటే 80 పీఎస్‌ఐ దగ్గర 1,450 కిలోలు. అదే టైరులో 35 మాత్రమే పెడితే మోసేది సుమారు 810 కిలోలు. ఒక్కో టైరుకు దాదాపు 300 కిలోల సత్తా తగ్గింది. నాలుగు టైర్లకూ కలిపి చూస్తే దాదాపు 1,200 కిలోలు. బండి కంటికి ఎప్పటిలాగే కనిపిస్తుంది కాబట్టి ఈ తేడా ఎవరికీ తెలియదు.

ఈ అంకెలు వచ్చిన దారి ఇది. ఎల్‌టీ టైర్లకు తయారీదారుల లోడ్ పట్టికలు ఉంటాయి. పట్టిక దొరికితే దాన్నే అనుసరించండి. దొరకనప్పుడు ఈ సూత్రం దగ్గరి జవాబు ఇస్తుంది: మీరు పెట్టే గాలిని గరిష్ఠ గాలితో భాగించి, దానికి 0.7 ఘాతం తీసి, గరిష్ఠ బరువుతో గుణించాలి. ఫోన్‌లోని సైంటిఫిక్ క్యాలిక్యులేటర్ చాలు. ఎల్‌టీ245/75ఆర్16 ‘ఈ’ టైరుతో సరిచూసుకోవచ్చు. పట్టిక ప్రకారం అది 80 దగ్గర 1,380, 50 దగ్గర 1,000, 35 దగ్గర 771 కిలోలు మోస్తుంది. సూత్రం 50కి 993, 35కి 774 ఇస్తుంది.

అదే సూత్రాన్ని వెనక్కి తిప్పితే, మీ కొత్త టైరు పాత టైరంత, అంటే 1,105 కిలోలు, మోయడానికి 54 పీఎస్‌ఐ కావాలి. కాబట్టి బరువు కొలవకుండానే బండి నిండా సరుకు వేయాల్సి వస్తే 55 పెట్టండి. అది కంపెనీ ఇచ్చిన భద్రతతో సమానం. ఖాళీ బండికి అంత అక్కర్లేదు. ఎంత కావాలో తేలాలంటే కాటా ఎక్కించాల్సిందే. ఆ పద్ధతి కింది జవాబులో ఉంది.

80 పెట్టి తిరిగితే ప్రమాదమా అంటే, టైరు పగలదు. కానీ ఖాళీ వెనక ఇరుసు గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది, తడి రోడ్డు మీద బ్రేకు పట్టు తగ్గుతుంది, ట్రెడ్ (నేలను తాకే పై భాగం) మధ్యలో ముందుగా అరిగిపోతుంది. గుంత అంచు తగిలినప్పుడు లోపలి తీగలు తెగే అవకాశమూ పెరుగుతుంది.

ప్రశ్న: కాటా వేయించి లెక్క కట్టడం ఎలాగో అంచెలంచెలుగా చెప్పండి. మావి ఎల్‌టీ265/75ఆర్16, లోడ్ రేంజ్ ‘ఈ’.

జవాబు: బండిని రెండు స్థితుల్లో తూయాలి: రోజూ తిరిగే ఖాళీ స్థితిలో ఒకసారి, మీరు వేసే అతి ఎక్కువ సరుకుతో ఒకసారి. రెండుసార్లూ ట్యాంకు నిండా ఇంధనం, మామూలుగా కూర్చునే మనుషులు, పనిముట్ల పెట్టె అన్నీ ఉండాలి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీదకు ఎక్కించి అంకె రాసుకోండి. తర్వాత బండి మొత్తం ఎక్కించి తూయండి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వెనక ఇరుసు బరువు వస్తుంది. కాటా పళ్లెం, దాని పక్క నేల ఒకే ఎత్తులో ఉండాలి. బండి వాలుగా నిలబడితే బరువు ఒక ఇరుసు నుంచి ఇంకో ఇరుసుకు జరిగి లెక్క తప్పుతుంది.

ఉదాహరణకు ముందు ఇరుసు 1,540, ఖాళీ వెనక ఇరుసు 1,120, నిండు వెనక ఇరుసు 1,980 కిలోలు వచ్చాయనుకుందాం. ఒక్కో చక్రానికి సగం చొప్పున 770, 560, 990. కుడి ఎడమల బరువు ఎప్పుడూ సమంగా ఉండదు, మలుపులో బయటి చక్రం మీద ఇంకా పడుతుంది. అందుకని 15 శాతం కలుపుకోండి: 885, 644, 1,138.

మీ సైజు పట్టిక ఇది: 35 పీఎస్‌ఐకి 866 కిలోలు, 40కి 950, 45కి 1,034, 50కి 1,120, 55కి 1,190, 60కి 1,263, 65కి 1,360, 80కి 1,550. ఇవి ఒక్కో వైపు ఒక్కో చక్రం ఉన్న ఇరుసుకు. జంట చక్రాలకు వేరే, తక్కువ అంకెలు ఉంటాయి.

ముందు టైరుకు 885 కావాలి. 35 చాలదు, 40 పెట్టండి. నిండు వెనక టైరుకు 1,138 కావాలి. 50 కొద్దిగా తక్కువ పడుతోంది కాబట్టి 55. ఎప్పుడూ పై వరుసకే వెళ్లాలి. ఖాళీ వెనక టైరు లెక్క 35 కంటే కిందికి దిగుతుంది. అయినా 35 దగ్గరే ఆగండి. పట్టిక అక్కడే మొదలవుతుంది, వేగంగా వెళ్లే రోడ్డు మీద అంతకంటే మెత్తని వెనక టైర్లు మలుపులో బండి తోకను పక్కకు ఊపుతాయి. ఖాళీ పికప్‌లో వెనక కన్నా ముందు టైర్లకు ఎక్కువ గాలి కావడం చూసి కంగారు పడకండి. ఇంజన్ బరువంతా ముందే ఉంది.

తేలిన మూడు అంకెలనూ కాగితం మీద రాసి తలుపు స్టిక్కర్ పక్కనే అంటించండి. గాలి పెట్టేవారు చూసేది ఆ స్టిక్కర్‌నే.

ప్రశ్న: మేం 35x12.50ఆర్17 వేశాం. ఇదీ లోడ్ రేంజ్ ‘ఈ’నే, కానీ సైడ్‌వాల్ మీద 80 బదులు 65 అని ఉంది. టైరు నాసిరకమా?

జవాబు: కాదు. మొదటి ప్రశ్నలోని ఎల్‌టీ265/70ఆర్17 మోసే 1,450 కిలోలనే ఈ టైరు 65 పీఎస్‌ఐతో మోస్తుంది. లోపలి ఖాళీ పెద్దది, గాలి ఎక్కువ పడుతుంది, అందువల్ల అదే బరువుకు తక్కువ ప్రెషర్ సరిపోతుంది. 35 పీఎస్‌ఐ దగ్గర ఆ టైరు 810 కిలోలు మోస్తే మీది సుమారు 940 మోస్తుంది. సూత్రంలో గరిష్ఠ గాలి దగ్గర 80 కాకుండా 65 వేసుకుని లెక్క కట్టండి.

ఇక్కడే ఒక మాట. లోడ్ రేంజ్ అక్షరం చూసి గరిష్ఠ గాలి ఊహించకండి. ఎల్‌టీ కొలతల్లో చాలావరకు ‘సి’కి 50, ‘డి’కి 65, ‘ఈ’కి 80 ఉంటాయి గానీ వెడల్పు టైర్లలో ఆ వరుస మారుతుంది. సైడ్‌వాల్ మీద బరువు, గాలి పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండూ కలిపి చదవాలి. ‘ఈ’ రేంజ్ టైరును ‘10 ప్లై’ (పది పొరలు) అనడం కూడా బలానికి పాత పేరే. లోపల పది పొరలు ఉండవు.

ప్రశ్న: సుద్దగీత పరీక్షతో సరైన గాలి తెలుస్తుందంటారు. నమ్మవచ్చా?

జవాబు: చివరి సవరణకు నమ్మవచ్చు. మొదటి నిర్ణయానికి వద్దు.

చేసే పద్ధతి ఇది. ట్రెడ్ మీద లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా అడ్డంగా మూడు సెంటీమీటర్ల వెడల్పున సుద్ద దట్టంగా రుద్దండి. పొడిగా, చదునుగా ఉన్న రోడ్డు మీద స్టీరింగ్ తిప్పకుండా 50 నుంచి 100 మీటర్లు వెళ్లి ఆగండి. గీత అంతటా సమంగా చెరిగితే ట్రెడ్ మొత్తం నేలను తాకుతోంది. మధ్యలో మాత్రమే చెరిగి రెండంచుల్లో తెల్లగా మిగిలితే గాలి ఎక్కువ. అంచులు చెరిగి మధ్యలో మిగిలితే తక్కువ. మూడేసి పీఎస్‌ఐ చొప్పున మార్చి మళ్లీ చూడండి.

చిక్కు ఎక్కడంటే, సుద్దకు ఆ క్షణంలో బండి మీద ఉన్న బరువే తెలుసు. ఖాళీ బండితో పరీక్షించి 26 దగ్గర గీత అందంగా చెరిగిందని అలాగే ఉంచేసి, మర్నాడు సరుకు వేస్తే టైరు ఉడికిపోతుంది. గాలి తక్కువైన టైరు తిరిగిన ప్రతిసారీ సైడ్‌వాల్ లోతుగా వంగి మళ్లీ లేస్తుంది. ఆ వంపులో ఖర్చయిన శక్తి వేడిగా మారుతుంది. ఆ వేడి ఎక్కువగా చేరేది ట్రెడ్ కింది ఉక్కు బెల్టుల అంచుల్లో. అక్కడ రబ్బరు పట్టు వదిలితే ట్రెడ్ పట్టీలా ఊడి వస్తుంది. చాలాసార్లు పైకి ఏ సూచనా ఉండదు. అందుకే సుద్ద ఏం చెప్పినా పట్టికలోని అంకెకు కిందికి దిగకండి.

రిమ్ ఇరుకైతే కూడా సుద్ద తప్పు చెబుతుంది. 33x12.50ఆర్15 టైరుకు 8.5 నుంచి 11 అంగుళాల వెడల్పున్న రిమ్ కావాలి. దాన్ని 8 అంగుళాల రిమ్‌కు ఎక్కిస్తే రెండు అంచులూ లోపలికి లాక్కుపోయి ట్రెడ్ మధ్యలో గుమ్మటంలా లేస్తుంది. ఎంత గాలి తీసినా మధ్యే చెరుగుతుంది. అక్కడ సరిచేయాల్సింది రిమ్‌ను. ఒక్క లోపలి అంచే చెరుగుతుంటే అలైన్‌మెంట్ చూపించండి.

సుద్ద కన్నా నమ్మదగింది ట్రెడ్ లోతు కొలిచే గేజ్. ప్రతి 5,000 కిలోమీటర్లకు లోపలి, మధ్య, బయటి గాళ్లలో లోతు రాసుకోండి. మధ్య గాడి మిగతావాటికన్నా మిల్లీమీటరు ఎక్కువ అరిగిందంటే, పట్టిక అనుమతించినంతలో మూడు పీఎస్‌ఐ తగ్గించండి.

ప్రశ్న: ప్రెషర్ హెచ్చరిక దీపం ఉంది కదా. గాలి తగ్గితే అదే వెలుగుతుందని వదిలేయవచ్చా?

జవాబు: టైర్లు మార్చిన బండిలో ఆ దీపాన్ని నమ్ముకుంటే మోసపోతారు. అది మీ కొత్త టైరును కాదు, పాత స్టిక్కర్‌ను చూసి పనిచేస్తుంది. అమెరికా ప్రమాణం ప్రకారం స్టిక్కర్ అంకె కంటే 25 శాతం తగ్గేసరికి అది వెలగాలి. స్టిక్కర్ 35 అయితే దీపం వెలిగేది దాదాపు 26 దగ్గర. మొదటి ప్రశ్నలోని పాఠకుడికి నిండు బరువుతో 55 కావాలి. ఆయన టైరు 26కు పడిపోయేసరికి మోయగలిగింది సుమారు 660 కిలోలే. దీపం వెలిగేలోపే నష్టం జరిగి ఉంటుంది.

దీనికి ఎదురు సమస్యా ఉంది. స్టిక్కర్ మీద వెనక టైర్లకు 65 ఉన్న పెద్ద పికప్‌లో, పెద్ద టైర్లకు లెక్క ప్రకారం 45 సరిపోతుంది. అయినా దీపం ఆరదు, ఎందుకంటే దాని హద్దు 49 దగ్గర ఉంది. దీపం ఆర్పడానికి గాలి పెంచకండి. చాలా మోడళ్లలో స్కాన్ టూల్‌తో (బండి కంప్యూటర్‌కు తగిలించే పరికరంతో) ఆ హద్దు మార్చవచ్చు. కొత్త అంకెలు తేలాక ఆ పని చేయించుకోండి.

ఈ దీపం వెనక ఒక చరిత్ర ఉంది. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సుమారు 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. ట్రెడ్ ఊడిపోయిన ఆ టైర్లు ఎక్కువగా ఉన్నది ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు. ఆ బండి స్టిక్కర్ మీద 26 పీఎస్‌ఐ ఉండేది, టైర్ కంపెనీ తర్వాత 30 పెట్టమంది. కారణాల్లో టైరు డిజైను, తయారీ లోపాలూ ఉన్నాయి. కానీ మొదటే తక్కువగా ఉన్న గాలి ఇంకాస్త తగ్గితే మిగులు సత్తా ఎంత త్వరగా హరించుకుపోతుందో అప్పుడే అందరికీ తెలిసింది. ఆ ఏడాదే అమెరికా చట్టం చేసింది. 2007 సెప్టెంబరు నుంచి అక్కడి కొత్త తేలికపాటి వాహనాలన్నిటికీ ఈ దీపం తప్పనిసరైంది.

ప్రశ్న: పాత రిమ్‌ల మీదే ‘ఈ’ రేంజ్ టైర్లు వేశాం. 75 పీఎస్‌ఐ దాకా పెట్టవచ్చా?

జవాబు: ముందు వాల్వులు చూడండి. కార్లకు వేసే మామూలు రబ్బరు వాల్వు, టీఆర్413 రకం, 65 పీఎస్‌ఐ వరకే. అంతకు మించితే రంధ్రం దగ్గర రబ్బరు ఉబ్బి, పగిలి, ఒక్కసారిగా గాలి పోతుంది. టీఆర్600హెచ్‌పీ రకం 80 వరకు ఆగుతుంది. నట్టుతో బిగించే లోహపు వాల్వు ఇంకా మేలు. రిమ్‌కు కూడా బరువు హద్దు ఉంటుంది, చాలావాటికి లోపలి వైపు అచ్చు వేసి ఉంటుంది. టైరు 1,450 కిలోలు మోసినా రిమ్ 1,100 కిలోలదైతే మీ హద్దు 1,100.

ప్రశ్న: ఉదయం 40 పెడితే, రోడ్డు మీద కాసేపు తిరిగాక 45 చూపిస్తోంది. కొంచెం తీసేయాలా?

జవాబు: తీయకండి. పట్టికల్లోని, స్టిక్కర్ మీది అంకెలన్నీ చల్లని టైరుకు చెప్పినవి. చల్లని టైరు అంటే కనీసం మూడు గంటలు నిలబడినదో, మెల్లగా కిలోమీటరున్నర లోపు తిరిగినదో. నడిచేటప్పుడు గాలి వేడెక్కి 10 నుంచి 15 శాతం పెరగడం సహజం. 40కి 45 వచ్చిందంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. దాన్ని తగ్గించి 40కి తెస్తే మర్నాడు ఉదయం 35 దగ్గర ఉంటుంది.

ఈ పెరుగుదలే మంచి పరీక్ష కూడా. గంటసేపు సమవేగంతో నడిచాక 40 కాస్తా 48 దాటిందంటే పెరుగుదల 20 శాతం. టైరు ఎక్కువ వంగుతోందని అర్థం. చల్లారాక గాలి పెంచండి, లేదా సరుకు తగ్గించండి. ఒకే ఇరుసు మీది రెండు టైర్లలో ఒకటే ఎక్కువ వేడెక్కితే బ్రేకు పట్టేసిందేమో, బరువు ఒక పక్కకు ఒరిగిందేమో చూసుకోవాలి.

వాతావరణం మారినా అంకె మారుతుంది. పది డిగ్రీల సెల్సియస్ తేడాకు 35 పీఎస్‌ఐ టైరులో ఒకటిన్నర, 80 పీఎస్‌ఐ టైరులో మూడు పీఎస్‌ఐ దాకా తేడా వస్తుంది. కాలం మారినప్పుడల్లా మళ్లీ కొలవండి. కొలిచేందుకు ప్రతిసారీ ఒకే గేజ్ వాడండి.

ప్రశ్న: ఇసుకలో, రాళ్ల దారిలో ఎంతవరకు తగ్గించవచ్చు?

జవాబు: కంకర దారికి రోడ్డు అంకె కంటే పాతిక శాతం తక్కువ. మెత్తని ఇసుకకు 15 నుంచి 18. బీడ్‌లాక్ (టైరు అంచును రిమ్‌కు బిగించే రింగు) లేని రిమ్ మీద 15 కంటే కిందికి దిగితే, మలుపులో టైరు అంచు రిమ్ నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. గాలి తగ్గినప్పుడు టైరు నేల మీద ఆనే చోటు ముఖ్యంగా పొడవునా పెరుగుతుంది, ఇసుకలో కూరుకుపోకుండా కాపాడేది ఆ పొడవే. పదునైన రాళ్లున్న చోట మరీ మెత్తగా ఉంచితే ఉబ్బిన సైడ్‌వాల్ కోసుకుపోతుంది, దానికి ప్యాచ్ వేయలేం. ఇంత తక్కువ గాలితో గంటకు 30 కిలోమీటర్లు దాటకండి. నిండు సరుకుతో ఈ పని అసలు వద్దు. కంప్రెసర్ వెంట లేకపోతే గాలి తీయకండి. తారు రోడ్డు ఎక్కేముందే తిరిగి నింపాలి.

ప్రశ్న: ట్రైలర్ తగిలిస్తే దాని బరువు ట్రైలర్ చక్రాలే మోస్తాయి కదా. పికప్ గాలి మార్చాలా?

జవాబు: వెనక టైర్లకు మార్చాలి. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద ఆనుతుంది. కొక్కెం వెనక ఇరుసుకు ఇంకా వెనక ఉంటుంది కాబట్టి తూగుబల్లలా పనిచేస్తుంది. ఇరుసుల మధ్య 3.3 మీటర్లు, వెనక ఇరుసు నుంచి కొక్కెం దాకా 1.2 మీటర్లు ఉన్న బండిలో కొక్కెం మీద 250 కిలోలు పడితే వెనక ఇరుసుకు దాదాపు 340 కిలోలు కలుస్తాయి, ముందు ఇరుసు నుంచి 90 తగ్గుతాయి. ఒక్కో వెనక టైరుకు అదనంగా 170 కిలోలు. రెండో ప్రశ్నలోని నిండు వెనక టైరు 990కి ఇది చేరితే 1,160, దానికి 15 శాతం కలిపితే 1,334. పట్టికలో 65 పీఎస్‌ఐ వరుస. అంతకుముందు వెనక ఇరుసుకు కంపెనీ పెట్టిన బరువు హద్దు ఎంతో తలుపు స్టిక్కర్ మీద చూడండి. ఈ ఉదాహరణలో ఇరుసు మీద పడేది 2,320 కిలోలు. అది హద్దు దాటుతుంటే ఎంత గాలి పెట్టినా ఇరుసు, స్ప్రింగులు, బ్రేకులు తట్టుకోవు. సరుకు దించాలి. ముందు టైర్లకు పెట్టిన 40 అలాగే ఉంచండి.